పార్టీల గొడవలో పడి పక్కవాణ్ణి అనుమానించాం

హ్యూస్టన్: ఆదివారం భోజనాలయ్యాయంటే మా అపార్ట్‌మెంట్లలో రెండు తప్పవు. ఒకటి పేకాట, రెండోది పార్టీల గొడవ. ఊళ్లో ఉన్నప్పుడు ఎవరి జెండా మోశామో, ఎవరి కటౌట్‌కి పాలాభిషేకం చేశామో అదంతా సముద్రం దాటేసరికి పాతబడిపోయింది. ఇప్పుడు మా తగువంతా ఏనుగు మీద, గాడిద మీద. ఏనుగు రిపబ్లికన్ల గుర్తు, గాడిద డెమోక్రాట్ల గుర్తు. మాలో ఒక్కరికీ ఇక్కడ ఓటు లేదు. అయినా గొంతులు మాత్రం పోలింగ్ ఏజెంట్ల లెవెల్లో లేస్తాయి.

మేమంటే ముగ్గురం. ఒకరిది కాకినాడ దగ్గర, ఒకరిది కరీంనగర్, ఒకరిది అనంతపురం. ముగ్గురమూ సివిల్ డిప్లొమా చేసినవాళ్లమే. కొన్నేళ్లు గల్ఫ్ ఎండల్లో సైట్లు చూశాం. తర్వాత మా ఇంటావిడల ఉద్యోగ వీసాల మీద డిపెండెంట్లుగా అమెరికా వచ్చి, పని చేసుకునే కార్డు చేతికందాక మళ్లీ నెత్తిన హెల్మెట్ పెట్టాం. ఇక్కడ అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే ఉంటారనుకునే ఊరివాళ్లకు మేం కాంక్రీటు పోయిస్తామంటే నమ్మబుద్ధి కాదు.

2024 అక్టోబరు. అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఆ ఆదివారం మాటామాటా పెరిగింది.

"బానిసల్ని పెట్టుకున్న పార్టీ ఏది బావా? డెమోక్రాట్లు. వాళ్లని విడిపించిన లింకన్ ఎవరు? రిపబ్లికన్. ఇంక మాట్లాడేదేముంది?"

"అన్నా, అది నూటయాభై ఏండ్ల కిందటి ముచ్చట. ఇప్పుడు దక్షిణాది తెల్లోళ్ల ఓట్లు ఎవరికి పడుతున్నయి, నల్లోళ్ల ఓట్లు ఎవరికి పడుతున్నయి? ముందు అది చెప్పు."

"సరే, నేరాల సంగతి చెప్పు. తుపాకులు పేలే పెద్ద ఊళ్లన్నిటికీ మేయర్లు ఎవరు?"

"మరి టెక్సాస్‌ను ముప్పై ఏండ్ల సంది ఏలేది ఎవరు?"

ఇలా సాగింది. చివరికి ఒకరు "ఏ పార్టీ అయితే ఏముందిలే, దొంగతనాలు చేసేది మాత్రం వాళ్లేగా" అన్నారు. 'వాళ్లు' అనలేదు, మనవాళ్లు చాటుగా వాడే ఆ చులకన మాటే వాడారు. అందరం నవ్వాం. పక్క గదిలో పిల్లలున్నారన్న సంగతి కూడా పట్టించుకోలేదు.

సోమవారం పొద్దున

మర్నాడు రోజెన్‌బర్గ్ వైపు మా సైట్‌లో కాపర్ వైరు బండిళ్లు రెండు కనపడలేదు. రాగి ధర తెలిసినవాళ్లకు ఆ బండిళ్ల విలువ చెప్పక్కర్లేదు. సైట్ ఆఫీసు పెట్టిన ట్రెయిలర్‌లో మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతకు రెండు వారాల ముందే ఒక నల్లజాతి పెద్దాయన కాంక్రీటు ఫినిషింగ్ పనికి చేరాడు. యాభై ఏడేళ్ల మనిషి. చేతిలో తాపీ ఉంటే స్లాబ్ అద్దంలా వచ్చేది. వయసులో ఉండగా జైలుకెళ్లి వచ్చానని ఆయనే మొదటి రోజున దాచకుండా చెప్పాడు.

మాలో ఒకరు వెళ్లి, ఆయన పికప్ ట్రక్కు వెనకున్న పనిముట్ల పెట్టె తెరిచి చూపించమన్నారు. అడిగింది ఎవరన్నది ఇక్కడ అనవసరం. మిగిలిన ఇద్దరం పక్కనే నిలబడ్డాం గనక ముగ్గురం అడిగినట్టే. ఆ రోజు సైట్‌లో నలభై మంది పైన ఉన్నారు. ఇంకెవరి పెట్టీ తెరవమనలేదు.

ఆయన తెరిచాడు. తాపీలు, లెవెల్ పట్టీ, టిఫిన్ డబ్బా, మనవరాలి బొమ్మ ఒకటి. అంతే. మధ్యాహ్నానికి అసలు సంగతి బయటపడింది. ఎలక్ట్రికల్ సబ్‌కాంట్రాక్టర్ మనుషులు శుక్రవారం సాయంత్రమే ఆ బండిళ్లను వాన భయానికి రెండో కంటెయినర్‌లోకి మార్చారట. చెప్పడం మరిచిపోయారట.

మేం వెళ్లి సారీ చెప్పాం. ఆయన కోప్పడలేదు. "నా శిక్ష ఎప్పుడో అయిపోయిందనుకున్నాను" అన్నాడు. ఆ మాట మమ్మల్ని తిట్టినదానికన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే గల్ఫ్‌లో ఉండగా సైట్‌లో ఏ వస్తువు పోయినా గేటు దగ్గర ముందు విప్పించేది మన సంచులే. అన్నం మూట కూడా విప్పి చూపించిన రోజులున్నాయి. ఆ అవమానం ఎలా ఉంటుందో మాకు తెలుసు. తెలిసీ చేశాం.

ఆ వారం పేక ముట్టలేదు. డిప్లొమా చదివినవాళ్లం, కొలత తియ్యకుండా గోడ లేపం. అలాంటిది ఎన్నడూ కొలవని చరిత్ర మీద ప్రతి ఆదివారం మేడలు కడుతున్నామని అప్పుడు తట్టింది. కౌంటీ లైబ్రరీకి వెళ్లి పుస్తకాలు తిరగేశాం. తెలిసింది రాస్తున్నాం. తెలిసినవాళ్లకు ఇది పాతే కావచ్చు, మాకు మాత్రం కొత్త.

ఇద్దరి మాటా సగం నిజం

లింకన్ రిపబ్లికన్ అన్న మాట నిజం. 1865లో 13వ రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. తర్వాత దక్షిణాదిలో నల్లజాతివాళ్ల ఓటు లాగేసుకుని, బడులూ బస్సులూ వేరుచేసి పాలించింది డెమోక్రాట్లే. ఇదీ నిజం.

మరి 1964 పౌర హక్కుల చట్టం మీద సంతకం పెట్టింది ఎవరు? మన టెక్సాస్ మనిషి లిండన్ జాన్సన్, డెమోక్రాట్. సెనేట్‌లో ఆ చట్టానికి డెమోక్రాట్లలో 46 మంది అవునన్నారు, 21 మంది కాదన్నారు. రిపబ్లికన్లలో 27 మంది అవునన్నారు, ఆరుగురే కాదన్నారు. శాతం చూస్తే రిపబ్లికన్లదే పైచేయి. కానీ ఆ ఆరుగురిలో ఒకరైన బారీ గోల్డ్‌వాటర్‌నే ఆ ఏడాది రిపబ్లికన్లు అధ్యక్ష పదవికి నిలబెట్టారు. ఆయన చిత్తుగా ఓడిపోయాడు. సొంత రాష్ట్రం అరిజోనా కాక గెలిచినవి ఐదే: మిసిసిపీ, అలబామా, జార్జియా, లూసియానా, సౌత్ కరోలినా. అన్నీ పాత బానిసత్వపు రాష్ట్రాలే, అంతకుముందు డెమోక్రాట్ల కంచుకోటలే. సౌత్ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ ఆ ఏడే డెమోక్రాట్ల నుంచి రిపబ్లికన్లలోకి దూకాడు.

మన దగ్గర నాయకులు రాత్రికి రాత్రి కండువా మారుస్తారు. ఇక్కడ థర్మండ్‌లా మారిన పెద్ద నాయకులు తక్కువే. మారింది ఓటర్లు, అదీ ఒక్కరోజులో కాదు, దశాబ్దాలు పట్టింది. నల్లజాతివాళ్లు 1930లలో రూజ్‌వెల్ట్ కాలంలోనే డెమోక్రాట్ల వైపు జరగడం మొదలుపెట్టారు. దక్షిణాది తెల్లవాళ్లు తర్వాత మెల్లగా అటు నుంచి ఇటు వచ్చారు.

టెక్సాస్ సంగతే చూడండి. 1964లో ఈ రాష్ట్రపు ఇద్దరు సెనేటర్లలో డెమోక్రాట్ రాల్ఫ్ యార్‌బరో అవునని ఓటేశాడు, రిపబ్లికన్ జాన్ టవర్ కాదని వేశాడు. అంటే మనిషి ఏ పార్టీ అన్నది ఒక్కటే చూస్తే లెక్క తేలదు. ఏ ప్రాంతం వాడు, ఏ ఏడు, ఏ చట్టం మీద ఏ వైపు చెయ్యెత్తాడు, అదంతా చూడాలి.

ఇంకోటి. 1965కు ముందు ఇండియాకు అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది. ఆ ఏడు అక్టోబరులో జాన్సన్ సంతకం పెట్టిన వలస చట్టంతో ఆ తలుపు తెరుచుకుంది. నల్లజాతివాళ్లు లాఠీలు తిని, కుక్కల చేత కరిపించుకుని దేశం మనసు మార్చిన రోజుల్లోనే ఆ చట్టం వచ్చింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు వచ్చింది ఆ దారినే. వాళ్ల వెనకాల మేమూ. 'వాళ్లు' అని ఎవరినైతే నవ్వుకున్నామో, మా వీసా కాగితం వెనక వాళ్ల చెమట ఉంది.

షుగర్‌ల్యాండ్ మట్టిలో 95 మంది

హ్యూస్టన్ దగ్గర షుగర్‌ల్యాండ్ అంటే తెలియని తెలుగువాడు ఉండడు. మంచి బళ్లు, పెద్ద ఇళ్లు, మనవాళ్లు దండిగా ఉన్న ఊరు. అక్కడ 2018 ఫిబ్రవరిలో స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు వృత్తి శిక్షణ కేంద్రం కట్టడానికి నేల తవ్విస్తుంటే, జేసీబీ లాంటి యంత్రం కింద మనిషి ఎముక బయటపడింది. తవ్వినకొద్దీ సమాధులు. మొత్తం 95 మంది. అందరూ నల్లజాతివాళ్లే. అందులో 14 ఏళ్ల పిల్లల నుంచి 70 ఏళ్ల ముసలివాళ్ల దాకా ఉన్నారని శాస్త్రవేత్తలు తేల్చారు. బరువులు మోసి మోసి ఎముకలు వంకర్లు తిరిగిన గుర్తులు కూడా దొరికాయి.

ఎవరు వాళ్లు? ఖైదీలు. 13వ సవరణలో ఒక మెలిక ఉంది: నేరానికి శిక్షగా తప్ప బానిసత్వం ఉండకూడదు అని. ఆ 'తప్ప' చాలింది. పని లేకుండా తిరిగాడనో, చిన్న దొంగతనం చేశాడనో పట్టుకోవడం, జైల్లో వెయ్యడం, ఆ ఖైదీల్ని చెరకు తోటలకు కౌలుకివ్వడం. పొలం కౌలుకిచ్చినట్టు మనుషుల్ని కౌలుకిచ్చారు. 1878లో కన్నింగ్‌హామ్, ఎల్లిస్ అనే ఇద్దరు తోటల ఆసాములు టెక్సాస్ ఖైదీలందరినీ కలిపి కౌలుకు తీసుకున్నారు. షుగర్‌ల్యాండ్ పంచదార అలా పండింది.

ఇది ఏ పార్టీ పాపం? మేం కూడా ముందు అదే వెతికాం. 1878లో రాష్ట్రం డెమోక్రాట్లది. ఏనుగు పార్టీ వాడు చంకలు గుద్దుకోవచ్చు. కానీ 1871లో టెక్సాస్ జైలును మొదటిసారి మొత్తంగా ఒక కంపెనీకి కౌలుకిచ్చింది రిపబ్లికన్ గవర్నర్ ఎడ్మండ్ డేవిస్ హయాంలో. గాడిద పార్టీ వాడు ఊపిరి పీల్చుకోవచ్చు. మట్టి కింద ఉన్న 14 ఏళ్ల పిల్లాడికి మాత్రం ఈ తేడాతో ఒరిగిందేమీ లేదు.

అక్కడ సమాధులుంటాయని ఎముకలు బయటపడక ముందే ఏళ్లతరబడి మొత్తుకున్న మనిషి ఒకరున్నారు. రెజినాల్డ్ మూర్, ఒకప్పుడు జైలు గార్డు. ఆయన మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2019లో ఆ 95 మందిని అక్కడే మళ్లీ ఖననం చేశారు. 2020లో మూర్ చనిపోయారు.

ఐదు గ్రాముల శిక్ష

ఇక నేరాల చట్టాలు. ఆ పెద్దాయన తర్వాత ఓ రోజు లంచ్‌లో తన కథ చెప్పాడు. 1991లో ఆయన దగ్గర దొరికింది క్రాక్ అనే మత్తుమందు, ఐదు గ్రాములకు కాస్త పైన. అమ్ముతున్నాడని కేసు. ఫెడరల్ కోర్టులో ఐదేళ్లు వేశారు. జేబులోంచి ఐదు సెంట్ల నాణెం తీసి మా ముందు పెట్టాడు. "దీని బరువు ఐదు గ్రాములే" అన్నాడు.

1986 నాటి చట్టం అలా ఉండేది. క్రాక్ ఐదు గ్రాములకు ఎంత శిక్షో, పొడి కొకెయిన్‌కు అదే శిక్ష పడాలంటే 500 గ్రాములు ఉండాలి. సరుకు మూలం ఒకటే. క్రాక్ కేసుల్లో ఎక్కువగా పట్టుబడింది పేద నల్లజాతివాళ్లు. ఆ చట్టం మీద సంతకం రిపబ్లికన్ రీగన్‌ది. భారీ మెజారిటీతో పాస్ చేసిన ప్రతినిధుల సభ డెమోక్రాట్ల చేతిలో ఉండేది.

1988లో ఒక నల్లజాతి ఖైదీ సెలవు మీద బయటికొచ్చి చేసిన ఘోరాన్ని టీవీలో చూపించి డెమోక్రాట్ డుకాకిస్‌ను దెబ్బతీశారు. మసాచుసెట్స్‌లో ఆ సెలవుల పథకం 1972లో మొదలైంది రిపబ్లికన్ గవర్నర్ కాలంలో అన్నది ఆ ప్రకటనలో లేదు. ఆ దెబ్బ తిన్న డెమోక్రాట్లు 1994లో తామే కఠినమైన చట్టం తెచ్చారు. రాసినవాళ్లలో ముఖ్యుడు జో బైడెన్, సంతకం బిల్ క్లింటన్. లక్ష మంది కొత్త పోలీసులు, కొత్త జైళ్లకు డబ్బు, మూడో తీవ్ర నేరానికి యావజ్జీవం. అప్పటి నల్లజాతి కాంగ్రెస్ సభ్యుల్లోనూ ఎక్కువమంది దానికి ఓటేశారు. ఎందుకంటే 1991లో దేశంలో 24 వేలకు పైగా హత్యలు జరిగాయి, చచ్చిపోతున్నది వాళ్ల వీధుల్లోని పిల్లలే.

తర్వాత చూడండి చిత్రం. 2010లో ఒబామా ఆ వందకు ఒకటి తేడాను 18కి ఒకటికి తగ్గించారు. 2018లో ట్రంప్ సంతకం పెట్టిన చట్టం ఆ తగ్గింపును పాత ఖైదీలకూ వర్తింపజేసింది. దానికి సెనేట్‌లో 87 మంది అవునన్నారు, 12 మందే కాదన్నారు. 2020 ఎన్నికలకు ముందు 1994 చట్టాన్ని పట్టుకుని బైడెన్‌ను ఎత్తిపొడిచింది మళ్లీ ఆ ట్రంపే. ఎవరు కఠినం, ఎవరు మెత్తన? ఏడాది చెప్పకుండా జవాబు చెప్పలేం.

మా టెక్సాస్‌లో డెమోక్రాట్ ఆన్ రిచర్డ్స్ కాలంలోనూ, తర్వాత రిపబ్లికన్ జార్జ్ బుష్ కాలంలోనూ జైళ్లు పోటీపడి కట్టారు. 2007లో ఇంకా కట్టాలని అంచనా వస్తే రిపబ్లికన్ జెర్రీ మాడెన్, డెమోక్రాట్ జాన్ విట్‌మైర్ ఇద్దరూ కలిసి కూర్చున్నారు. 24 కోట్ల 10 లక్షల డాలర్లు కొత్త గోడలకు కాకుండా మత్తు మాన్పించే చికిత్సకు, పర్యవేక్షణకు పెట్టించారు. 2011లో టెక్సాస్ ఒక జైలును మూసేసింది. ఎక్కడిదో తెలుసా? షుగర్‌ల్యాండ్‌లోని సెంట్రల్ యూనిట్. ఆ చెరకు తోటల నేల మీదదే.

భయం అబద్ధం కాదు

ఇంత చదివాక నేరం గురించి మాట్లాడేవాళ్లంతా జాతిద్వేషులని మేం అనడం లేదు. గ్యాస్ స్టేషన్లలో, దుకాణాల్లో రాత్రి డ్యూటీ చేస్తూ మన పిల్లలు దొంగల తూటాలకు బలైన వార్తలు ఎన్ని చదవలేదు? ఆ ఊళ్లో తల్లి ఏడుపు ముందు గణాంకాలు పనికిరావు. 2020లో దేశమంతా హత్యలు ఒక్క ఏడాదిలో దాదాపు 30 శాతం పెరిగాయి. రెండు పార్టీల రాష్ట్రాల్లోనూ పెరిగాయి. 2023, 2024లలో బాగా తగ్గాయి, అదీ రెండు చోట్లా.

అయితే ఒక సంగతి మా ఆదివారం గొడవల్లో ఎప్పుడూ రాలేదు. జనాభాలో 13, 14 శాతం ఉన్న నల్లజాతివాళ్లు జైళ్లలో మూడో వంతు ఉన్నారు. ఇది ఒక పార్టీవాళ్లు చెప్పే లెక్క. హత్యకు గురైనవాళ్లలో దాదాపు సగం కూడా వాళ్లే. ఇది ఆ లెక్కకు రెండో పేజీ. నేరమంటే మనకన్నా ముందు భయపడేది వాళ్లే. ఆ పెద్దాయన తమ్ముణ్ణి 2021లో వీధిలో కాల్చేశారు. "మా వీధికి పోలీసులు రావద్దని నేనెప్పుడూ అనలేదు. తొందరగా రమ్మనే అన్నాను. వచ్చాక నన్ను మనిషిలా చూడమన్నాను" అన్నాడాయన. ఈ రెండు మాటల్నీ చెరో పార్టీ పంచుకుంది. ఆయనకు రెండూ కావాలి.

2017లో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో మన హైదరాబాద్ ఇంజినీర్ని 'మా దేశం విడిచిపో' అంటూ కాల్చి చంపింది తెల్లవాడు. అడ్డుపడి తూటా తిన్న ఇయన్ గ్రిలట్ కూడా తెల్లవాడే. ఆయనకు ఇల్లు కొనుక్కోమని హ్యూస్టన్ భారతీయులు లక్ష డాలర్లు ఇచ్చారు. ఆ రోజు మనం రంగు చూడలేదు, మనిషి చేసిన పని చూశాం. 2020లో మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ హ్యూస్టన్‌లో పెరిగినవాడు. ఆయన సమాధి పియర్లాండ్‌లో, మనందరం వెళ్లే మీనాక్షి అమ్మవారి గుడి ఉన్న ఊళ్లోనే ఉంది. గుడికి ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. ఆ సంగతి పుస్తకం చదివే దాకా మాకు పట్టలేదు.

ఇప్పుడు మా దగ్గర

పార్టీల గొడవ మానేశామని చెప్తే అబద్ధం. తెలుగువాళ్లం, మానలేం. ఒక్క పద్ధతి మాత్రం పెట్టుకున్నాం. 'మీ పార్టీ' అని మొదలుపెట్టినవాడు ఏ చట్టం, ఏ ఏడు, ఎవరు చెయ్యెత్తారు, దాంతో ఎవరికి ఏమైంది, ఇవన్నీ చెప్పాలి. చెప్పలేకపోతే ముక్కలు పంచాలి. ఆ చులకన మాట మాత్రం మా ఇళ్లలో మళ్లీ వినపడకూడదని మా ఆడవాళ్లు తేల్చి చెప్పేశారు. పిల్లలు ఆ ఆదివారం విన్నారట, అర్థమేమిటని మర్నాడు అడిగారట.

సైట్‌లో ఏదైనా కనపడకపోతే ఇప్పుడు ముందు కంటెయినర్లు చూస్తాం, సబ్‌కాంట్రాక్టర్లకు ఫోన్ చేస్తాం. మనుషుల పెట్టెలు తెరవాల్సి వస్తే మా మూడు పెట్టెలూ ముందు తెరుస్తాం.

ఆ పెద్దాయన ఇంకా మాతోనే పని చేస్తున్నాడు. టెక్సాస్‌లో శిక్ష పూర్తిగా ముగిసినవాళ్లకు ఓటు తిరిగొస్తుంది కాబట్టి 2024లో ఆయన ఓటు వేసొచ్చాడు. ఎవరికి వేశారని మాలో ఒకరు ఉండబట్టలేక అడిగారు. "నా పెట్టె తెరిచి చూశారు చాలదా?" అని నవ్వి, తాపీ తీసుకుని స్లాబ్ మీదికి వెళ్లిపోయాడు.